వెనకవైపు బెజ్జం

మా అమ్మమ్మ గొంతు మాకు మిగిలింది ఒకే ఒక్క కాసెట్లో. నాలుగు నిమిషాల మంగళహారతి. మావయ్య టూ-ఇన్-వన్‌లో రికార్డు చేసింది. వెనకాల ఫ్యాను చప్పుడు, మధ్యలో ఎవరో "కర్పూరం ఏదే" అని కేకెయ్యడం, అడుగున కరెంటు గుర్రు, అన్నీ ఉన్నాయందులో. పోయినేడు దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, పాట కింద సన్నగా ఒక శ్రుతి పెడదామని కూర్చున్నాను.

ముందే చెప్పేస్తాను, నాకు సంగీతం రాదు. పగలంతా డేటాబేసులతో కుస్తీ, రాత్రి పిల్లలు పడుకున్నాక హెడ్‌ఫోన్లు పెట్టుకుని ప్లగిన్లతో కుస్తీ. అంతే నా సాధన. మా ఆవిడ దీన్ని "ఖర్చులేని తాగుడు" అంటుంది. (ఖర్చు సంగతి ఆవిడకి పూర్తిగా తెలీదు లెండి.)

సింథసైజర్ ప్లగిన్ తెరిచి, ఆవిడ శ్రుతికి దగ్గరగా ఒక స్వరం పట్టి ఉంచాను. బాలేదు. పాట ఒకచోట, నా శ్రుతి ఇంకోచోట. టేపు కాస్త సాగింది కాబట్టి గొంతు అటూ ఇటూ ఊగుతోంది, నా స్వరం మాత్రం కర్రలా నిలబడింది. ఆవిడ ఊపిరి తీసుకుంటే అది ఆగదు, ఆవిడ గొంతెత్తితే అది ఎత్తదు. పాత గోడకి కొత్త కాగితం అంటించినట్టుంది.

అప్పుడు కంటబడింది, అదే ఫోల్డర్లో అదే పేరుతో ఇంకో ఫైలు. చివర్న "ఎఫ్ఎక్స్" అని ఉంది. రెండేళ్ళుగా నా డిస్కులోనే ఉంది, నేనే ఏదో పాత కాపీ కాబోలనుకున్నాను. తీరా చూస్తే అది అదే సింథ్ తాలూకు ఎఫెక్టు వెర్షను. మొదటిది స్వరం తీసుకుని ధ్వని ఇస్తుంది. రెండోది మన ధ్వనే తీసుకుని, తన ఫిల్టర్ల గుండా, తన ఎన్వలప్‌ల గుండా పంపించి వెనక్కిస్తుంది. అమ్మమ్మ పాట ఉన్న ట్రాక్ మీద పెట్టాను. నిశ్శబ్దం! తీసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాను. లైసెన్సు పోయిందేమోనని చూశాను. అర్ధరాత్రి ఒంటిగంటకి విసుగెత్తి కీబోర్డు మీద చెయ్యి ఆనిస్తే, ఠక్కున అమ్మమ్మ పాడింది. చెయ్యి తీస్తే ఆగిపోయింది.

అదన్నమాట సంగతి. ఎఫెక్టు అని పేరు పెట్టుకున్నా దాని బుద్ధి వాద్యం బుద్ధే. ఎవరైనా మీట నొక్కితేనే తలుపు తీస్తుంది.

ఒకటే యంత్రానికి రెండు ఫైళ్ళెందుకు అన్న ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. వెనక్కి తవ్వుకుంటూ పోతే తేలిందేమిటంటే, ఇది సంగీతం పెట్టిన తేడా కాదు. మనలాంటివాళ్ళు పెట్టిన తేడా.

అసలు వాద్యం వేరు, ఎఫెక్టు వేరు అని మొదట్నించీ ఎవరూ అనుకోలేదు. మా పెద్దమ్మ వీణ గోడవారగా ఉండేది. శ్రుతి చేసి ఉన్నప్పుడు దాని పక్కన కూర్చుని సరిగ్గా ఆ స్వరం పాడితే, ఎవరూ ముట్టుకోకుండానే తీగ సన్నగా మోగేది. తీగ మీద చిన్న కాగితం ముక్క మడిచిపెట్టి, అది అదిరి కిందపడుతుందా లేదా అని పిల్లలం పందేలు వేసుకునేవాళ్ళం. సితారులో ప్రధాన తీగల కింద ఉండే తరఫ్ తీగలు ఇందుకోసమే పెట్టినవి. వాటిని మామూలుగా మీటరు, పైతీగల ధ్వని విని అవే మోగుతాయి. ఇటలీ స్వరకర్త లుచానో బేరియో 1984లో ట్రంపెట్ కోసం ఒక రచన చేశాడు. అందులో వాద్యగాడు ట్రంపెట్‌ని పియానో లోపలికి ఊదుతాడు. పియానో ముందున్నవాడు మీటలు చప్పుడు కాకుండా నొక్కి ఉంచితే, ఆ తీగలు మాత్రమే బదులు పలుకుతాయి. గమనించారా? ధ్వని ఒకరిది, మీటలు ఇంకొకరివి. అర్ధరాత్రి ఒంటిగంటకి నేను చేసింది సరిగ్గా అదే.

స్టూడియోల్లో కూడా ఇదే వరస. 1966లో బీటిల్స్ "టుమారో నెవర్ నోస్" పాట రికార్డు చేస్తుంటే, తన గొంతు కొండమీంచి దలైలామా మంత్రాలు చదివినట్టు ఉండాలన్నాడు జాన్ లెనన్. ఇంజనీర్లు ఏం చేశారంటే, హామండ్ ఆర్గన్‌కి తగిలించే లెస్లీ అనే గిరగిరా తిరిగే స్పీకరుని విప్పి, అందులోకి గొంతు పంపించారు. వాద్యంలో ఒక భాగం ఊడదీసి ఎఫెక్టుగా వాడుకోవడం అన్నమాట. ఆ మాటకొస్తే ఇప్పుడు మనం కొనే ఎఫ్ఎక్స్ ఫైళ్ళు చాలామటుకు చేసేది ఇదే.

సింథసైజర్లు వచ్చాక ఈ పని మరీ తేలికైంది, ఎందుకంటే తయారుచేసినవాళ్ళే బెజ్జం పెట్టి ఇచ్చారు. 1969లో లండన్‌లో ఈఎంఎస్ అనే సంస్థ వీసీఎస్3 అనే పెట్టె చేసింది. పీటర్ జినోవియెఫ్, డేవిడ్ కాకరెల్, ట్రిస్ట్రమ్ కేరీ దాని వెనకాల మనుషులు. దానికి కీబోర్డే లేదు! ఉన్నది 16 అడ్డ వరసలు, 16 నిలువు వరసల గళ్ళపలక. ఏ గడిలో పిన్ను గుచ్చితే ఆ రెండు భాగాలూ కలుస్తాయి. బయటి ధ్వని కోసం రెండు దారులు కూడా ఉన్నాయి. పలక దృష్టిలో లోపలి ఆసిలేటరూ ఒక వరసే, బయటి మైకూ ఒక వరసే. తేడా ఏమీ లేదు. రాక్సీ మ్యూజిక్ బృందంలో బ్రయాన్ ఈనో దీన్ని ముందేసుకుని, పక్కనున్న గిటారునీ శాక్సఫోన్‌నీ ఇందులోంచి పంపి రంగు మార్చేవాడు. 1971లో ది హూ బృందం "వోంట్ గెట్ ఫూల్డ్ అగైన్"లో, ఇప్పటికీ అందరూ సింథసైజరే అనుకునే ఆ దడదడలాడే ధ్వని నిజానికి లౌరీ అనే ఇంటి ఆర్గన్. దాన్ని పీట్ టౌన్‌షెండ్ వీసీఎస్3 ఫిల్టర్లోంచి పంపాడు, అంతే. అంటే ఆ పాటలో సింథసైజర్ వాద్యం కాదు, ఎఫెక్టు.

1970లో వచ్చిన మినీమూగ్‌కి కూడా వెనకవైపు బయటి ధ్వని కోసం ఒక బెజ్జం ఉంది. బయటివాటిని పెట్టడానికే ఇచ్చారది. కానీ కొందరు గడుసువాళ్ళు దాని సొంత అవుట్‌పుట్టునే వైరుతో తెచ్చి అందులో గుచ్చారు. తన ధ్వని తనే మళ్ళీ తిని మరింత బొంగురుగా, బలంగా పలికేది.

నాకు వీటన్నిట్లోకీ ఇష్టమైంది 1978లో కోర్గ్ వాళ్ళు చేసిన ఎంఎస్-20. దీంట్లో బెజ్జం వెనకాల కాదు, ముందువైపే, కుడిచేతి వైపున, దానికొక ప్రత్యేక విభాగంతో సహా ఉంటుంది. గిటారో గొంతో అందులో గుచ్చితే మూడు పనులు చేస్తుంది. ఎంత గట్టిగా ఉందో చూసి దానికి తగ్గ వోల్టేజి ఇస్తుంది (ఎన్వలప్ ఫాలోయర్). ఏ స్వరమో పోల్చుకుని దానికొక వోల్టేజి ఇస్తుంది. ధ్వని మొదలైన క్షణాన్ని పట్టుకుని ట్రిగ్గర్ ఇస్తుంది. ఈ మూడూ ఉంటే ఇంక వేళ్ళెందుకు? గొంతే కీబోర్డు. నా అర్ధరాత్రి కష్టానికి మందు 1978లోనే తయారైపోయిందన్నమాట, నేను చూసుకోలేదు గానీ.

మరి ఈ బెజ్జం ఎక్కడ పూడిపోయింది? 1983 దగ్గర అని నా లెక్క. ఆ ఏడే మిడి వచ్చింది, ఆ ఏడే యమహా డీఎక్స్7 వచ్చింది. మిడి గొప్ప ప్రోటోకాల్, ఇన్నేళ్ళైనా నడుస్తోంది, అలాంటిది మనలో ఎవరైనా ఒక్కటి రాస్తే జన్మ ధన్యం. కానీ దాంట్లో ప్రయాణించేది ధ్వని కాదు, "ఫలానా మీట ఫలానా జోరుతో నొక్కారు" అన్న కబురు. డీఎక్స్7కి ధ్వని లోపలికి వెళ్ళే దారి లేదు. కబురు లోపలికి, ధ్వని బయటికి. చక్కటి ఫంక్షన్ సిగ్నేచర్. తర్వాత కొన్ని యంత్రాల్లో ఆ బెజ్జం మళ్ళీ కనిపించింది గానీ, "సింథసైజర్ అంటే మీట నొక్కితే మోగేది" అన్న అలవాటు అప్పటికే స్థిరపడిపోయింది.

ఈ అలవాటు సాఫ్ట్‌వేర్లోకి ఎలా దిగిందో చూడండి, ఇక్కడే మనవాళ్ళకి ఆసక్తిగా ఉంటుంది. జర్మనీలో హాంబర్గ్‌కి చెందిన స్టైన్‌బర్గ్ వాళ్ళు 1996లో వీఎస్‌టీ అని ప్లగిన్ ఇంటర్‌ఫేస్ తెచ్చారు. వర్చువల్ స్టూడియో టెక్నాలజీ అని దాని పూర్తి పేరు. మొదట అన్నీ ఎఫెక్టులే, ధ్వని వస్తుంది, ధ్వని పోతుంది. 1999లో వీఎస్‌టీ రెండో వెర్షన్లో మిడి కబుర్లు ప్లగిన్‌కి చేరే దారి వేశారు. దాంతో వాద్యాలు వచ్చాయి. క్యూబేస్ 3.7తో వచ్చిన నియాన్ అనే చిన్న సింథ్ వాటిల్లో మొదటిది.

ఇప్పుడు ఆ రెండో వెర్షన్ ఇంటర్‌ఫేస్ ఎలా ఉంటుందంటే, వాద్యమైనా ఎఫెక్టైనా పని చేసే ఫంక్షన్ ఒక్కటే. లోపలికొచ్చే బఫర్లకి ఒక పాయింటరు, బయటికెళ్ళే బఫర్లకి ఒక పాయింటరు, ఎన్ని శాంపిళ్ళో ఒక అంకె. అంతే! వాద్యానికి కూడా లోపలి బఫర్లు ఉండొచ్చు, ఎవరూ వద్దనలేదు. మరి వాద్యమో కాదో ఎలా తెలుస్తుంది? ఫ్లాగుల్లో ఒక్క బిట్టు. ఎనిమిది స్థానాలు ఎడమకి జరిపిన ఒకటి, అంటే 256. అది ఉంటే సింథ్, లేకపోతే ఎఫెక్టు. వీసీఎస్3లో ఒక పిన్నుతో తేలిపోయిన సంగతి ఇక్కడ ఒక బిట్టు దగ్గర ఆగిపోయింది.

ఆ బిట్టు పెట్టినవాళ్ళని తిట్టలేం. హోస్టుకి ఒక మెనూ చూపించాలి. వాద్యాల జాబితాలో వేయాలా, మిక్సర్లోని ఇన్‌సర్ట్ జాబితాలో వేయాలా? ఎవరికైనా తట్టేది బూలియనే. చిక్కేమిటంటే, మెనూ కోసం పెట్టిన బిట్టు మెల్లిగా వైరింగు సంగతి కూడా తేల్చేసింది. వాద్యం ట్రాకులోకి చాలా హోస్టులు ధ్వనే పంపవు, ఎఫెక్టుకి మిడి పంపాలంటే చుట్టుతిరుగుడు. దాంతో ప్లగిన్లు రాసేవాళ్ళు ఏం చేశారు? మనం చేసేదే చేశారు. అదే కోడు, ఆ బిట్టు మార్చి, ఐడీ మార్చి, రెండుసార్లు కంపైల్ చేసి రెండు డీఎల్ఎల్‌లు ఇచ్చారు.

2004లో కోర్గ్ తన పాత యంత్రాల్ని సాఫ్ట్‌వేరుగా తెచ్చింది, లెగసీ కలెక్షన్ అని. అందులో ఎంఎస్-20 ఒక ప్లగిన్, ఎంఎస్-20ఎఫ్ఎక్స్ ఇంకో ప్లగిన్. 1978లో ఒకే పెట్టె, ఒకే పలక, పక్కపక్కనే బెజ్జాలు. ఇరవయ్యారేళ్ళ తర్వాత కంప్యూటర్లోకి వచ్చేసరికి రెండు! బెర్లిన్‌లోని యూ-హీ వాళ్ళ జీబ్రా2కి తోడుగా జీబ్రిఫై వచ్చింది. 2014లో వచ్చిన సీరమ్‌కి సీరమ్ఎఫ్ఎక్స్. 2025లో వచ్చిన సీరమ్ 2కి కూడా ఎఫ్ఎక్స్ వేరేగానే ఉంది.

ఈ మధ్యలో ఇంటర్‌ఫేస్‌లు మారకపోలేదు. ఆపిల్ వాళ్ళ ఆడియో యూనిట్‌లో ఎఫెక్టు, వాద్యం కాక "మిడి తీసుకునే ఎఫెక్టు" అని మూడో రకం ఉంది. అందుకే లాజిక్‌లో ఇలాంటివి వాద్యం స్లాటులోనే "మిడి కంట్రోల్డ్ ఎఫెక్ట్స్" అని వేరే మెనూలో దొరుకుతాయి, ధ్వనిని సైడ్‌చెయిన్‌గా ఇవ్వాలి. తెలీనివాడు ఎఫెక్టుల్లో వెతికి వెతికి లేదనుకుంటాడు. ఏబుల్‌టన్ లైవ్‌లోనైతే ప్లగిన్‌ని ధ్వని ట్రాకు మీద పెట్టి, ఇంకో మిడి ట్రాకు చేసి, దాని అవుట్‌పుట్‌ని ఆ ప్లగిన్‌కి తిప్పాలి. 2008 నాటి వీఎస్‌టీ3లో ఆ ఒక్క బిట్టు పోయి రకం చెప్పే మాటలొచ్చాయి, రెండు మాటలూ కలిపి రాసుకోవచ్చు కూడా. 2022లో వచ్చిన క్లాప్ అనే ఫార్మాట్లో ఏకంగా లక్షణాల జాబితా. అయినా రెండు ఫైళ్ళ అలవాటు పోలేదు. స్కీమా మార్చినంత తేలిగ్గా అలవాటు మారదు కదా.

ఇదంతా చదువుతుంటే నాకు నా పాపం గుర్తొచ్చింది. చాలా ఏళ్ళ క్రితం, పేరెందుకులే, ఒక కంపెనీ లెక్కల సిస్టమ్‌లో పార్టీల టేబులు నేనే డిజైన్ చేశాను. "రకం" అని ఒక కాలమ్. విలువలు రెండే, కొనేవాడు, అమ్మేవాడు. రివ్యూలో ఎవరూ ఏమీ అన్లేదు, నేనూ మురిసిపోయాను. తీరా చూస్తే సరుకు మన దగ్గర కొని, మనకే ఇంకో సరుకు అమ్మే పార్టీలు బోలెడు. అక్కడి అకౌంట్స్ అమ్మాయి ఏం చేసిందంటే, అదే పార్టీని రెండుసార్లు ఎక్కించింది, రెండోదాని పేరు చివర ఒక చుక్క పెట్టి. ప్రతి నెలాఖర్నా రెండు బాకీలూ ఎక్సెల్లో పక్కపక్కన పెట్టుకుని చేత్తో తీసేసుకునేది. నాకీ సంగతి తెలిసేసరికి రెండేళ్ళైంది. "అడిగితే మార్చేవాణ్ణిగా?" అన్నాను. "సిస్టమ్ అంతే కాబోలనుకున్నాను సార్" అంది.

ఆ చుక్కా ఈ ఎఫ్ఎక్సూ ఒకటే. నేను రెండేళ్ళు ఆ ఫైలు ముట్టుకోకపోవడమూ ఆ అమ్మాయి అడక్కపోవడమూ కూడా ఒకటే. మెనూలో వాద్యం అని రాసి ఉంటే అందులోకి ఇంకొకరి గొంతు పంపొచ్చన్న ఆలోచనే రాదు. టౌన్‌షెండ్‌కి వచ్చిందంటే ఆయన తెలివి సగం, కళ్ళెదురుగా బెజ్జం ఉండటం సగం.

సరే, అమ్మమ్మ పాట దగ్గరికొద్దాం. గొంతే మీట నొక్కేలా పెట్టాను, ఎన్వలప్ ఫాలోయరూ స్వరం పోల్చేదీ కలిపి. మొదటిసారి ఏమైందంటే అది అమ్మమ్మని కాదు, కరెంటుని పాడింది! టేపులోని 50 హెర్ట్జ్ గుర్రుని స్వరమనుకుని దాన్నే పట్టుకుంది. అప్పుడర్థమైంది, 1978లో ఆ కోర్గ్ ఇంజనీర్లు బెజ్జం పక్కనే కిందివీ పైవీ కోసెయ్యడానికి రెండు నాబ్‌లు ఎందుకు పెట్టారో. కింద కోసేశాక దారికొచ్చింది. తర్వాత తంబూరాలా ఉంటుందని నాలుగు స్వరాలు పట్టి చూశాను, చెవులదిరాయి. స్వరానికొక గొంతుక చొప్పున అదే ధ్వని నాలుగు దారుల్లో వెళ్ళి మళ్ళీ కూడుతుంది కదా. నాలుగూ అచ్చం ఒకేలా ఉంటే 12 డెసిబెల్స్ పెరుగుతుంది. మీరు చేసేటట్టయితే ముందు అవుట్‌పుట్ తగ్గించుకుని మొదలుపెట్టండి.

చివరికి కుదిరింది. ఆవిడ ఊపిరి తీస్తే శ్రుతి కూడా మూసుకుంటోంది. గొంతెత్తితే విచ్చుకుంటోంది. టేపు సాగినచోట అదీ సాగుతోంది. అతికించినట్టు లేదు, పక్కన వీణ ఉన్నట్టుంది. పొంగిపోయి మర్నాడే అమ్మకి ఫోన్లో వినిపించాను.

అమ్మ మొత్తం విని, కాసేపాగి, "బానే ఉందిరా. ఇందులో మా అమ్మేదీ?" అంది.

మళ్ళీ విన్నాను. నిజమే. నాకు నా ఫిల్టరు వినబడుతోంది, ఆవిడకి వాళ్ళమ్మ వినబడాలి. బయటి ధ్వనికి దారిచ్చిన ప్రతి యంత్రంలోనూ ఈ ప్రమాదం ఉంది. దలైలామా కొండ ఎక్కించాక లెనన్ ఎంత మిగలాలో ఎవరో ఒకరు తేల్చాలి. అది ఏ ఫ్లాగూ తేల్చదు. అసలు పాటని ముట్టుకోకుండా ఒక ట్రాకులో ఉంచి, సింథ్‌లోంచి వచ్చినదాన్ని వేరే ట్రాకులో పెట్టి తగ్గించుకుంటూ వచ్చాను. పక్కగదిలో ఏదో మోగుతోందా లేదా అన్నంత దాకా. "కర్పూరం ఏదే" అన్న కేక కూడా తియ్యలేదు. ఆ గొంతు పెద్దమ్మదట, అమ్మ పోల్చింది.

రెండోసారి పంపితే అమ్మ ఏమీ అన్లేదు. కార్తీక మాసంలో పొద్దున్నే పెట్టుకుంటోందని నాన్న చెప్పారు.